ఒళ్ళు చేస్తున్న లోకము



కొద్ది రోజుల క్రితము మేమొక వివాహమునకు వెళ్ళాము. పందిట్లో కూర్చున్న ఒక ముసలమ్మ పట్నము నుండి వచ్చిన మనుమని గడ్డము పట్టుకొని, "ఇప్పుడు కాస్త ఒళ్ళు చేశావు నాయనా, చూడముచ్చటగా ఉన్నావు" అన్నది. ఆ మాట ఆశీర్వాదముగానే అన్నది. ఆమె చిన్నతనములో ఒళ్ళు చేయడమంటే ఆ ఇంట్లో గింజలున్నాయని అర్థము. బక్కచిక్కినవాడు కనబడితే జబ్బో కరువో అనుకొనేవారు. అయితే అదే పందిట్లో ఆమె పెద్ద కుమారుడు ఒక మూల కూర్చొని ఉన్నాడు. ఆయనకు యాభై ఏండ్లు. షుగరు వలన కాలి వ్రేలు ఒకటి తీసివేశారు. విస్తరి ముందు కూర్చోవడానికి ఆయనకు భయము, లేచి వెళ్ళడానికి మొగమాటము.

ఆ తల్లి ఎరిగిన కాలమునకు, ఆ కుమారుడు అనుభవిస్తున్న కాలమునకు మధ్య ఏమి జరిగింది? ఇటీవల ఒక సహోదరి మాకు ఉత్తరము వ్రాస్తూ, "లావు కావడము కలిగిన దేశముల జబ్బు కదా, మన పల్లెలకు ఎందుకు వచ్చింది?" అని అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు వెదుకుతూ దేశముల లెక్కలు చూస్తే మేము అనుకొన్నదానిలో సగము తప్పని తెలిసింది. ఆ లెక్కలతో పాటు మా తప్పు ఒకటి కూడా ఈ నెల మీ ముందు పెడుతున్నాము.

మొదట కొలత సంగతి. ఎవరు లావు, ఎవరు కాదు అని కంటితో చెప్పలేము గనుక వైద్యులు ఒక లెక్క వేస్తారు. కిలోలలో ఉన్న బరువును, మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. 1830లలో బెల్జియం దేశపు గణిత పండితుడు కెట్లే ఈ పద్ధతిని కనిపెట్టాడు. దానికి బాడీ మాస్ ఇండెక్స్ అనే పేరు 1972లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఆన్సెల్ కీస్ పెట్టాడు. ఆ అంకె 25 అయితే అధిక బరువు, 30 అయితే స్థూలకాయము అని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించింది. అయిదడుగుల రెండంగుళముల ఎత్తున్న స్త్రీని తీసుకొంటే ఆమె బరువు సుమారు 62 కిలోల దగ్గర 25 వస్తుంది, 74 కిలోల దగ్గర 30 వస్తుంది. ఈ లెక్కకు కండకు, క్రొవ్వుకు తేడా తెలియదు. అందుచేత నడుము కొలత కూడా చూడమంటారు. మన దేశములో పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి.

ఇప్పుడు లోకము వైపు చూద్దాము. 2022లో భూమి మీద ప్రతి ఎనిమిదిమందిలో ఒకరు స్థూలకాయులని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క తేల్చింది. పెద్దలు 89 కోట్లు, అయిదు నుండి పందొమ్మిది ఏండ్ల లోపు పిల్లలు 16 కోట్లు. 1990తో పోల్చితే పెద్దలలో ఇది రెండింతలు దాటింది, పిల్లలలో నాలుగింతలైంది. అమెరికాలో 2021 నుండి 2023 వరకు జరిగిన సర్వేలో పెద్దలలో 40 శాతము మంది స్థూలకాయులు. కువైట్‌లోను, ఐగుప్తులోను కూడ ఇంచుమించు ఇదే సంఖ్య. మరొక ప్రక్క జపానులో నూటికి అయిదుగురు, వియత్నాములో నూటికి ఇద్దరు మాత్రమే. జపాను పేద దేశము కాదు గదా! కనుక డబ్బు ఉన్నచోటనే లావు ఉన్నదనుకోవడము సరికాదు.

మరి పట్టికలో అందరికంటె పైనున్న దేశము ఏది? అమెరికా అనే మేము అనుకొన్నాము. కాదు. పసిఫిక్ మహాసముద్రములోని చిన్న చిన్న ద్వీపములు. వాటిలో టోంగా ఒకటి. జనాభా సుమారు లక్ష. అక్కడ పదిమంది పెద్దలలో దాదాపు ఏడుగురు స్థూలకాయులు.

టోంగా మనకు కొంత దగ్గరి దేశమే. 1820లలో వెస్లియన్ మిషనరీలు అక్కడికి వెళ్ళారు. నేడు ప్రజలు దాదాపు అందరూ క్రైస్తవులే, వారిలో మెథడిస్టులే ఎక్కువ. ఆదివారము పరిశుద్ధ దినమని 1875 నాటి వారి రాజ్యాంగములోనే వ్రాసి ఉన్నది. ఆ దినమున ఆరాధన ముగిసిన తరువాత నేలలో గొయ్యి త్రవ్వి, రాళ్ళు కాల్చి, ఆకులు కప్పి వండిన భోజనము కుటుంబమంతా కలిసి తింటారు. అతిథికి పెట్టడము, ఎక్కువగా పెట్టడము, పాదిరిగారిని విందుకు పిలవడము వారికి గౌరవము. చదువుతుంటే మన కోత పండుగ కళ్ళ ముందు మెదిలింది.

అయితే వారి తాతలు తిన్నది చేమదుంప, పెండలము, పనసను పోలిన ఒక కాయ, కొబ్బరి, సముద్రపు చేప. పడవ నడిపి, దుంప త్రవ్వి తిన్న తిండి అది. తరువాత ఓడలలో క్రొత్త తిండి దిగింది. డబ్బాల మాంసము, చక్కెర, మైదా వచ్చాయి. న్యూజిలాండు నుండి గొఱ్ఱె పొట్టభాగపు ముక్కలు వచ్చాయి. ఆ ముక్కలలో క్రొవ్వే ఎక్కువ. ఆ దేశపువారు తాము అంతగా తినని భాగమును చవుకగా ద్వీపములకు అమ్మారు. చేపకంటె అదే చవుక అయినప్పుడు పేదవాడు ఏది కొంటాడు? సమోవా ద్వీపములకు అమెరికా నుండి టర్కీ కోళ్ళ తోకలు అలాగే వచ్చాయి. 2007లో సమోవా ప్రభుత్వము వాటిని నిషేధించింది. కాని 2012లో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరే సమయమున ఆ నిషేధమును ఎత్తివేయడానికి ఒప్పుకోవలసి వచ్చింది. తన ప్రజల విస్తరిలో ఏముండాలో ఒక చిన్న దేశము తానే నిర్ణయించుకోలేకపోయింది.

నౌరు అనే మరొక ద్వీపము కథ ఇంకా బాధాకరము. మొత్తము వైశాల్యము 21 చదరపు కిలోమీటర్లు. అంటే మన మండలములో కొన్ని ఊళ్ళు కలిపినంత. అక్కడి నేలలో ఎరువులకు పనికివచ్చే ఫాస్ఫేటు ఉన్నది. 1907 నుండి విదేశీ కంపెనీలు దానిని త్రవ్వుకొనిపోయాయి. 1968లో స్వాతంత్ర్యము వచ్చాక ఆ డబ్బు నౌరు ప్రజల చేతికి వచ్చింది. 1970లలో తలసరి ఆదాయములో లోకములోని ధనిక దేశముల సరసన నిలిచారు. అయితే ద్వీపము మధ్యభాగమంతా తవ్వి పాడైనందున పంట పండించే నేల మిగలలేదు. తిండి అంతా ఓడలోనే రావాలి. చేపలు పట్టే అవసరము, నడిచే అవసరము పోయాయి. 1975లో వైద్యులు పరీక్షించి చూడగా పెద్దలలో ఇంచుమించు ముగ్గురిలో ఒకరికి షుగరు ఉన్నది! ఫాస్ఫేటు అయిపోయింది, డబ్బు పోయింది, జబ్బు మాత్రము మిగిలింది.

ఈ ద్వీపవాసులను సోమరులని, తిండిపోతులని అనడము తేలిక. కాని వారి బుద్ధి ఒక తరములో చెడిపోలేదు. వారి చుట్టూ ఉన్న తిండి మారింది, పని మారింది. టోంగా రాజు నాలుగవ తుపౌ ఒకప్పుడు 200 కిలోలకు పైగా బరువుండేవాడు. 1990లలో ఆయన తానే వ్యాయామము మొదలుపెట్టి చాలా బరువు తగ్గి ప్రజలకు మాదిరి చూపాడు. దేశమంతా బరువు తగ్గే పోటీలు జరిగాయి. అయినను ఓడలలో దిగే సరుకు మారలేదు గనుక దేశపు బరువు మొత్తము మీద పెరుగుతూనే వచ్చింది. ఒక్క మనిషి మనసు గట్టిదైనంత మాత్రాన చాలదని ఇందువలన మాకు అర్థమైంది.

ఇక మన సంగతి. మన దేశములో 1990లో స్త్రీలలో 1.2 శాతము, పురుషులలో 0.5 శాతము మాత్రమే స్థూలకాయులు. 2022 నాటికి స్త్రీలు 9.8 శాతము, పురుషులు 5.4 శాతము అయ్యారు. చూడడానికి అమెరికాకంటె చాలా తక్కువ. అయితే 25 అంకె దాటిన వారిని లెక్కిస్తే, 2019 నుండి 2021 వరకు జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో 36 శాతము, తెలంగాణ స్త్రీలలో 30 శాతము. రెండు రాష్ట్రములలోను పురుషులు కూడ ఇంచుమించు నూటికి ముప్పదిమంది ఉన్నారు. దేశపు సగటు 24 శాతము లోపే. అదే సర్వేలో దేశములోని చిన్నపిల్లలలో నూటికి 32 మంది ఉండవలసిన బరువుకంటె తక్కువ ఉన్నారు. కొన్ని ఇండ్లలో తల్లి లావు, బిడ్డ బక్క. ఇద్దరికీ కావలసిన తిండి ఆ ఇంట్లో లేదన్నమాట.

మరొక సంగతి కూడ ఉన్నది. మన శరీరము తక్కువ బరువులోనే ఎక్కువ క్రొవ్వును దాచుకొంటుంది, అది కూడ పొట్ట దగ్గర. పుణెకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, ఇంగ్లండుకు చెందిన డాక్టర్ యుడ్కిన్ 2004లో తమ ఇద్దరి కొలతలను ఒక వైద్య పత్రికలో ప్రచురించారు. ఇద్దరికీ అంకె ఒకటే, 22.3. కాని ఇంగ్లండు వైద్యుని దేహములో క్రొవ్వు 9.1 శాతము, మన వైద్యుని దేహములో 21.2 శాతము! అందుకే మనకు 23 నుండే జాగ్రత్తపడాలని, 25 దాటితేనే స్థూలకాయముగా ఎంచాలని మన దేశపు వైద్యులు చెబుతున్నారు. దేశములో పది కోట్లకు పైగా షుగరు రోగులున్నారని 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి లెక్క చెబుతున్నది.

మన ఊళ్ళలో ఏ ఓడ దిగలేదు. మరి ఏమి దిగింది? మా సంఘములో పెద్దవారిని కూర్చోబెట్టి అడిగాము. జొన్న సంకటి, రాగి అంబలి, కొఱ్ఱ అన్నము తిన్న చేతులతోనే మూడు పూటలా తెల్లన్నము తింటున్నామని వారు చెప్పారు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినప్పుడు ఎన్ని ఇండ్లలో ఆకలి తీరిందో వారే చెప్పారు. ఆ బియ్యమును మేము ఎన్నటికీ తూలనాడము. అయితే ఆకలి తీరిన తరువాత ప్రక్కన పప్పు, ఆకుకూర పెరగలేదు. ప్యాకెట్టు నూనె, పంచదార పెరిగాయి. నాటు నుండి కోత వరకు వంగి చేసిన పనిని యంత్రము చేస్తున్నది. రోకలి పోయింది, నీళ్ళ బిందె పోయింది. మా అమ్మల నడుములు విరిచిన ఆ చాకిరీ తిరిగి రావాలని మేము కోరము. కాని పని పోయినా కంచములో అన్నపు రాశి మాత్రము పనిచేసిన నాటి లాగానే ఉన్నది. ప్రక్క వీధిలోని అంగడికి కూడ బండి మీదనే వెళ్తున్నాము. అయిదు రూపాయల చిప్సు పొట్లము, చక్కెర నీళ్ళ సీసా ప్రతి అంగడిలో వ్రేలాడుతున్నాయి.

కువైట్‌లో ఏడేండ్లు ఇంటిపని చేసి వచ్చిన మా సంఘపు సహోదరి ఒకామె చెప్పిన మాట కూడ వ్రాయాలి. "అయ్యగారూ, వాళ్ళు పెద్ద పళ్ళెము నిండా మాంసము, అన్నము వండించి సగము వదిలేసేవారు. పారవేయడానికి చేతులు రాక నేను తినేదానిని. మా ఇంట్లో పిల్లలు ఏమి తింటున్నారో అని ఏడుస్తూ తినేదానిని" అన్నది. వెళ్ళినప్పుడు 48 కిలోలున్న ఆమె వచ్చినప్పుడు 75 కిలోలు. ఊరివారు చూచి, "కువైట్ డబ్బు ఒంటికి పట్టింది" అన్నారు. ఆ బరువులో ఎంత దుఃఖమున్నదో చూచినవారికి తెలియదు.

ఇక మా తప్పు. క్రిందటి సంవత్సరము కోత పండుగ విందులో మేము అందరినీ పలకరిస్తూ తిరుగుతున్నాము. పాటల బృందములో పాడే ఒక యౌవనస్థురాలు కుర్చీ లాగుకొని కూర్చొంటుండగా, "అమ్మాయికి రెండు కుర్చీలు వేయండర్రా!" అని నవ్వాము. అందరూ నవ్వారు. ఆమె కూడ నవ్వింది. తరువాతి ఆదివారము ఆమె రాలేదు. ఆ మరుసటి ఆదివారము కూడ రాలేదు. మూడు నెలలు గడిచాయి. ఒంట్లో బాగులేదట అన్నారు, మేము నమ్మి ఊరకున్నాము.

క్రిస్మస్ ముందు వాళ్ళ అమ్మ మా ఇంటికి వచ్చి గడప దగ్గరే నిలబడి చెప్పింది. "అయ్యగారూ, దానికి రెండేండ్ల నుండి థైరాయిడ్. మందులు వాడుతున్నాము. రెండు సంబంధములు బరువు చూచే తప్పిపోయాయి. పూట మాని పూట తింటుంది. గుడిలో ఒక్కచోట ఎవరూ ఏమీ అనరని వచ్చేది."

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మా భార్య ఏమీ అనలేదు. మరునాడు ఉదయము బస్తాలు తూచే కాటా మీద మేము నిలబడ్డాము. మా ఎత్తు అయిదడుగుల ఆరంగుళములు, బరువు 84 కిలోలు. లెక్క వేస్తే మా అంకె 29.9! ఇంటింటికి వెళ్ళి ప్రార్థన చేసినచోటల్లా ఇచ్చిన పంచదార టీ కాదనకుండా త్రాగుతూ, ప్రతి విందులో ముందు వరుసలో కూర్చొని రెండుసార్లు వడ్డించుకొంటూ, మేము ఒక జబ్బుపడిన బిడ్డను నవ్వులపాలు చేశాము. ఇన్నేండ్లలో ఎవరూ మాకు రెండు కుర్చీలు వేయమనలేదు. అయ్యగారు నిండుగా ఉన్నారన్నారు. మగవానికి నిండుదనము, ఆడపిల్లకు అవమానము.

ఇద్దరమూ వాళ్ళ ఇంటికి వెళ్ళాము. తల్లిదండ్రుల ఎదుట ఆ అమ్మాయిని క్షమించమని అడిగాము. ఆమె చాలాసేపు తల వంచుకొని, "మీరన్నారని కాదు అయ్యగారూ, అందరూ నవ్వారు" అన్నది. ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది. తరువాతి ఆదివారము మేము సంఘము ఎదుట మా తప్పును ఒప్పుకొన్నాము. ఆమె పేరు చెప్పలేదు. పేరు చెప్పకుండానే చాలామంది తలలు వంచుకొన్నారు. ఆమె ఆ నెల రాలేదు. ఈస్టరు నాటికి వచ్చింది, వెనుక వరుసలో కూర్చొని పాడింది.

అవమానించడము వలన ఎవరి బరువూ తగ్గదు. సిగ్గుపడినవాడు దాగుకొని తింటాడు, లేదా వైద్యుని దగ్గరకు వెళ్ళడము మానుకొంటాడు. దేశములు కూడ ఈ పాఠము నేర్చుకొంటున్నాయి. మెక్సికో 2014లో చక్కెర పానీయముల మీద లీటరుకు ఒక పెసో పన్ను వేసింది. మొదటి ఏట వాటి కొనుగోలు సుమారు 6 శాతము తగ్గింది. చిలీ దేశము 2016 నుండి చక్కెర, ఉప్పు, క్రొవ్వు ఎక్కువున్న పొట్లముల మీద నల్లని ఎనిమిది మూలల గుర్తు వేయిస్తున్నది, అటువంటివి బడులలో అమ్మనివ్వడము లేదు. జపానులో బడి భోజనము పిల్లలే వడ్డించుకొని, ఉపాధ్యాయునితో కలిసి కూర్చొని తింటారు. అన్నము, చేప, కూర, సూపు మితముగా ఉంటాయి. తిండిని గూర్చి నేర్పడానికి 2005లో వారు ఒక చట్టమే చేసుకొన్నారు.

పన్ను వేయడము మన చేతిలో లేదు. మన వంటిల్లు, మన విందు మన చేతిలో ఉన్నాయి. మా సంఘములో స్త్రీల సమాజము వారు కొన్ని సంగతులు నిర్ణయించారు. ఉపయోగపడతాయేమోనని వ్రాస్తున్నాము.

సంఘపు విందులలో చక్కెర పానీయముల సీసాలు మాని మజ్జిగ పోస్తున్నాము. ఒక తీపి చాలని, ఒక ఆకుకూర పప్పు తప్పక ఉండాలని అనుకొన్నాము. కొసరి కొసరి వడ్డించడము ప్రేమ అనుకొనే అలవాటు మానడము అన్నిటికంటె కష్టమైంది. "చాలు" అన్నవారి విస్తరిలో మరల వేయకూడదని పెద్దలకే చెప్పవలసి వచ్చింది. ఇండ్లకు వెళ్ళినప్పుడు మేము ముందే, "అమ్మా, పంచదార లేకుండా ఇవ్వండి, లేదా మంచినీళ్ళు చాలు" అంటున్నాము. మొదట నొచ్చుకొన్నారు. ఇప్పుడు వారిలో కొందరు తామే పంచదార తగ్గించుకొన్నారు.

మూడు నెలలకొకసారి ఊరి ఆరోగ్య కార్యకర్తను పిలిచి కావలసినవారికి బరువు, నడుము, బి.పి., షుగరు చూపిస్తున్నాము. గది లోపల ఒక్కొక్కరికే చూస్తారు, అంకె బయటకు చదవరు. మొదటిసారి మొదట నిలబడినది మేమే. వారములో 150 నిమిషములైనా చురుకుగా నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది గనుక సాయంకాలము కొందరము చెరువు కట్ట మీద నడుస్తున్నాము. వారములో రెండు పూటలైనా జొన్నరొట్టెయో రాగి సంకటియో చేసుకొంటున్నాము.

ఒక్క హెచ్చరిక. షుగరు మాత్రలు వాడేవారు వైద్యునికి చెప్పకుండా పూట మానకండి, ఉపవాసముండకండి, ప్రమాదము. సంతలో అమ్మే బరువు తగ్గించే పొడులు కొనకండి. బరువు తగ్గించే ఇంజెక్షన్లు ఇప్పుడు మన దేశములోనికి కూడ వచ్చాయి. అవి వైద్యుని పర్యవేక్షణలో వాడవలసినవే గాని ఒకరు చెప్పగా మరొకరు తీసుకొనేవి కావు. కారణము లేకుండా బరువు పెరుగుతుంటే మొదట పరీక్ష చేయించుకోండి.

మేము ఇప్పటికి 79 కిలోలకు దిగాము. ఇంకా దిగవలసింది చాలా ఉన్నది. మొన్న మరల ఒక ఇంటి విందులో ఒక పెద్దాయన ఒక చిన్నదానిని చూచి, "బొద్దమ్మా" అని పిలవబోయి, మా వైపు చూచి ఆగి, పేరు పెట్టి పిలిచాడు. పాటల బృందపు అమ్మాయి అక్కడే వడ్డిస్తున్నది. ఆమె మా విస్తరి దగ్గరకు వచ్చి, "అన్నము చాలా అయ్యగారూ?" అని అడిగింది. చాలమ్మా అన్నాము.

పాఠకులారా, మీ ఇంట్లో, మీ సంఘములో ఈ విషయమై ఏమి చేశారో మాకు వ్రాయండి. వచ్చే నెల మరల కలుసుకొందాము.